మూసీ ఒడ్డున రెండు మేడలు



పెళ్ళిబట్టలకని పాతబస్తీకి వెళ్తూ నయాపూల్ దాటేటప్పుడు బస్సు కిటికీలోంచి ఒకసారి చూడండి. ఈ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, ఆ ఒడ్డున హైకోర్టు. ఆ గుమ్మటాలు చూసి నవాబుగారి సరదా అనుకుంటాం. కాని వాటి వెనక పెద్ద కష్టమే ఉంది.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. అప్పటి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రీ పోయింది. అక్కడి చింతచెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. మరుసటి ఏడు విశ్వేశ్వరయ్యగారు వచ్చి, ఎగువన జలాశయాలు కట్టమన్నారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చినవే. తర్వాత ఒడ్డు బాగుచేసి, విన్సెంట్ ఎష్ అనే వాస్తుశిల్పి చేతిమీదుగా ఈ రెండు భవనాలూ లేపారు.

ఆసుపత్రి పాత భవనంలోకి 2020 జులైలో వాననీరు చేరితే ఖాళీ చేయించారు. 2025లో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. రోగులకు కొత్త వార్డులు కావలసిందే, కాదనను. అంతమాత్రాన పాతదాన్ని పాడుపెట్టుకోవాలా? అమ్మమ్మ భోషాణం పాతబడిందని పొయ్యిలో పెట్టుకుంటామా?

ఆ చింతచెట్టు ఆసుపత్రి ఆవరణలోనే ఉంది. ఈసారి పిల్లలకు చూపించి, కథ చెప్పండి. కథ తెలిసినవాళ్ళే రేపు ఆ గోడల్ని కాపాడుకుంటారు.

సెలవు.