విద్యార్థి చేతిలోని క్రొత్త పత్రిక

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాస పాఠము)



ఆంధ్రదేశమున గ్రంథాలయములు వెలసిన తొలినాళ్లలో అనేక గ్రామములందును, పాఠశాలలందును లిఖిత పత్రిక అనునది యొకటి యుండెడిది. అచ్చు వేయించుటకు ధనము లేని యువకులు తెల్లకాగితములపై చక్కని దస్తూరితో కథలు, వ్యాసములు వ్రాసి, అంచులకు రంగులు దిద్ది, దారముతో కుట్టి గ్రంథాలయపు బల్లపై నుంచెడివారు. ఉండునది ఒక్కటే ప్రతి. చదువగోరువారు అచ్చటికే వచ్చి చదువవలెను. తప్పు వ్రాసిన పిల్లవానిని ఊరి పంతులుగారు పిలిచి దిద్దెడివారు. నేటి విద్యార్థి చేతికి వచ్చిన ఉచిత రచనా సాధనములను ఆ లిఖిత పత్రికకు మనుమలుగా నెంచినచో, వాని మేలును, కీడును గ్రామస్థులకు సులభముగా బోధపడును.

తొమ్మిదవ తరగతి చదువుచున్న బాలిక నొకతెను ఊహింపుడు. ఉపాధ్యాయుడు తరగతిలో నొక పని యిచ్చినాడు: "అంతర్జాలములో వెల లేక దొరకు సాధనములను పరిశీలించి, వానితో మీ యూరిని గురించి యొక బ్లాగు వ్రాసి తెండు." ఆమె ఇంటనున్న ఫోనును దగ్గర పెట్టుకొని కూర్చుండును. మొదటి సాయంకాలము పుటకు రంగు నెన్నుకొనుటతో గడచును. రెండవనాడు అక్షరముల తీరులు, పూలతీగల అంచులు. మూడవనాడు పేరు. నాలుగవనాటికి పుట పెండ్లిపందిరివలె ముస్తాబగును గాని, అందు కూర్చుండుటకు పెండ్లికుమార్తె లేదు. వ్రాయుటకు మాట తోచదు. ఇది ఆ బాలిక దోషము కాదు. సాధనము సులభమైనకొలది విషయము కష్టమైనట్లు తోచుట సహజము. ఈ ఉపన్యాసము చెప్పదలచిన దిదియే: సాధనము ఉచితముగా వచ్చును, విషయమును మాత్రము ఊరిలో తిరిగి సంపాదింపవలెను.

ముందుగా సాధనముల సంగతి. కంప్యూటరు తెరపై తెలుగక్షరము తనంతట వచ్చి కూర్చుండలేదు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమునకు చెందిన కన్నెగంటి రామారావు, ఆనందకిశోర్ గారలు ఆంగ్లాక్షరములతో తెలుగు మాటలను వ్రాయు పద్ధతి నొకదానిని రూపొందించిరి. ఆ విద్యాలయపు పేరనే దానికి ఆర్.టి.ఎస్. అను పేరు వచ్చినది. 1991లో వెలువడిన యూనికోడ్ అను ప్రపంచ ప్రమాణములో తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. ప్రతి యక్షరమునకు ఒక సంఖ్య. ఆ సంఖ్య ఏ దేశపు యంత్రములోనైనను ఒక్కటే. అంతకు పూర్వము ఒక్కొక్క పత్రిక తనకు తోచిన అక్షరపు అచ్చును వాడుకొనుచుండెను. ఆ అచ్చు లేని యంత్రములో చూచినచో అర్థము లేని గుర్తులు కనబడుచుండెను. వెన్న నాగార్జునగారు రచించిన 'పద్మ' అను పరికరము అట్టి పాత వ్రాతలను యూనికోడునకు మార్చి పెట్టినది. వీవెన్ అను పేర ప్రసిద్ధులైనవారు నిర్మించిన 'లేఖిని' అను పుటలో ఆంగ్లపు మీటలు నొక్కిన, తెలుగు మాట ప్రక్కనే యేర్పడును. ఇవి యన్నియు వెల లేకుండ లోకమునకు లభించినవి. నేడు ఫోనులో నోటితో పలికిన మాట కూడ తెలుగక్షరములుగా మారుచున్నది. బాలిక యొక మాట టైపు చేయునపుడు ఇందరి శ్రమ ఆమె వ్రేలి క్రింద నున్నదని తెలిసికొనుట మంచిది.

ఇక బ్లాగు. ఒకరు గాని, కొందరు గాని తమ వ్రాతలను తేదీలతో ఒకదానిపై నొకటిగా ప్రకటించుకొను జాలపుటకు ఆ పేరు. క్రొత్తది పైన, పాతది క్రింద నుండును. 1999లో వెలసిన బ్లాగరు అను సేవ, 2003లో వెలువడిన వర్డ్‌ప్రెస్ అను సాధనము సామాన్యుని చేతికి ఈ వసతిని తెచ్చినవి. వీనికి తోడు, బొమ్మలు గీయుటకు ఇంక్‌స్కేప్, ఛాయాచిత్రములు దిద్దుటకు గింప్, రికార్డు చేసిన మాటలను కత్తిరించి కూర్చుటకు ఆడాసిటీ అను పరికరములు గలవు. ఈ మూడును ఒకమారు కంప్యూటరులో నెక్కించుకొన్న పిమ్మట అంతర్జాలము లేకున్నను పనిచేయును. సిగ్నలు నిలకడగా అందని కొండపట్టున ఇది చిన్న సౌకర్యము కాదు.

సాధనము లిట్లు సమకూడినవి. ఇక వ్రాయవలసిన దేమి? ఆ బాలిక యెచ్చటనో దొరకిన నాలుగు వాక్యములను ఎత్తివ్రాసిన, ఆ పని పది నిమిషములలో తీరును. 2022 నవంబరులో చాట్‌జీపీటీ ప్రకటింపబడిన తరువాత, అడిగినంతనే వ్యాసమును వ్రాసిపెట్టు యంత్రములును అందరికి అందుబాటులోనికి వచ్చినవి. కాని ఆ యంత్రము ఎవరో యెచ్చటనో వ్రాసినదాని నుండియే చెప్పగలదు. గొలుగొండను గూర్చి వ్రాసినవా రెవరు? 1869లో కార్మికేల్ అను దొర విశాఖపట్టణ మండల వివరణ గ్రంథమును ప్రకటించెను. 1907లో ఫ్రాన్సిస్ అను మరియొక దొర ఆ మండలపు గెజిటీరును కూర్చెను. గొలుగొండ తాలూకా కొండలు, పంటలు, శిస్తులు, పితూరీలు అందు గలవు. అవి విలువైన గ్రంథములే. అయినను అవి పాలించువాని బల్ల మీద వ్రాయబడినవి. పాలింపబడినవాడు అరుగు మీద చెప్పుకొన్న మాటలకు అందు చోటు తక్కువ.

1922 ఆగస్టు నెలను దృష్టాంతముగా గైకొనవచ్చును. అల్లూరి సీతారామరాజు తన యనుచరులతో 22వ తేదీన చింతపల్లి, 23వ తేదీన కృష్ణదేవిపేట, 24వ తేదీన రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై బడి ఆయుధములను గైకొనెను. 1924 మే 7వ తేదీన ఆయన కాల్చి చంపబడెను. ఆయన సమాధి గొలుగొండ మండలములోని కృష్ణదేవిపేటలో నున్నది. ఇంతవరకు పుస్తకములలో దొరకును. కాని ఆ పోరాటమునకు కారణమైన అడవి చట్టములు, పోడు వ్యవసాయముపై నిర్బంధములు, బాటల పనికి చేయించిన వెట్టి ఇవి యింటింట ఏ మాటలతో చెప్పుకొనబడినవి? ఏ సంగతి పాటగా నిలిచినది? ఏది తరువాతివారు కల్పించి చేర్చినది? ఆ కాలమును కన్నులార చూచినవారు నేడు లేరు. వారి నోట విన్న మనుమలును వృద్ధులైరి. ఒక్కొక్క వృద్ధుడు కన్నుమూయుచుండ, ఎవ్వరును తెరువకమునుపే ఒక్కొక్క గ్రంథము మూతపడుచున్నది. వయస్సు చెల్లిన తాతగారి వద్ద ఆ బాలిక గడపు ఒక్క గంట, రంగుల నెన్నుకొనుటకు గడపిన మూడు సాయంకాలములకన్న మిన్న.

అయితే విన్నదంతయు చరిత్ర కాదు. కావున ఆమె తన పుటలో రెండు భాగములు చేసికొనవలెను. "గ్రంథములో నిట్లున్నది" అని యొకటి, గ్రంథము పేరు, సంవత్సరముతో. "మా యింట నిట్లు విన్నాము" అని రెండవది, విన్న తేదీతో. రెండును పొసగని చోట పొసగలేదనియే వ్రాయవలెను. తాతగారి మాటను పుస్తకమునకు సరిపెట్టుటకై మార్చుట తగదు. పుస్తకములోని తేదీని తాతగారిపై గౌరవముచేత మార్చుటయు తగదు. ఈ యొక్క నియమమును పాటించిన విద్యార్థి వ్రాత, పరిశోధకునికి సైతము ఆధారము కాగలదు.

దిద్దుకొను వసతియు ఈ క్రొత్త పత్రికలో నున్నది. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఆంధ్రప్రదేశమున జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు గొలుగొండ మండలము విశాఖపట్టణము జిల్లానుండి క్రొత్తగా నేర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరినది. పొరుగున నున్న చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలోనికి పోయినది. అచ్చుపుస్తకములో నాటి జిల్లా పేరే యుండిపోవును. బ్లాగులో నైనచో ఒక నిమిషములో దిద్దవచ్చును. 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియాలో నైనచో, ఎవరైనను ఆధారము చూపి దిద్దవచ్చును. ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చిరో ఆ చరిత్రయు అచ్చటనే నిలుచును. బ్లాగు ఒకరి యింటి అరుగు వంటిది, సొంత అనుభవమునకు తగినది. వికీపీడియా ఊరి రచ్చబండ వంటిది, ఆధారము లేని మాట అచ్చట నిలువదు. ఏ మాట యెచ్చట చెప్పవలెనో తెలియుట కూడ విద్యయే.

ఇక 'ఉచితము' అను మాటను విమర్శింపవలెను. కొన్ని సేవలు రూపాయి అడుగవు గాని, ప్రకటనలు చూపి వెలను మరియొక విధముగ రాబట్టుకొనును. అవి కంపెనీల సొత్తు, వలదనుకొన్ననాడు మూసివేయగలరు. జియోసిటీస్ అను సేవ 1994లో పుట్టి, లక్షలాది జనుల ఉచిత పుటలకు ఇల్లై, 2009 అక్టోబరులో మూతపడెను. ఇంటర్నెట్ ఆర్కైవు వంటి సంస్థలు కొంత రక్షింపగలిగినవి, తక్కినది పోయినది. అద్దె లేని యిల్లయినను అది పరుల యిల్లే. ఇంక్‌స్కేప్, ఆడాసిటీ వంటివి వేరు. వాని నిర్మాణ రహస్యము లోకమునకు వెల్లడి. ఎక్కించుకొన్న ప్రతిని ఎవ్వరును తిరిగి లాగుకొనలేరు. కనుక బ్లాగు వ్రాసిన ప్రతి విద్యార్థియు తన వ్రాతల ప్రతి నొకటి వేరుగా దాచుకొనవలెను. ప్రసిద్ధ బ్లాగు సేవలలో అట్లు మొత్తము దించుకొను వసతి యున్నది, వాడుకొనువారే తక్కువ.

వెల లేక చూడ దొరకినంత మాత్రమున తీసికొని వాడుకొనుటకు హక్కు రాదు. భారతదేశపు 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము రచయిత మరణించిన పిమ్మట 60 సంవత్సరములవరకు ఆయన రచనపై హక్కు నిలుచును. 1915లో గతించిన గురజాడ అప్పారావుగారి గ్రంథములను, 1940లో గతించిన గిడుగు రామమూర్తిగారు తమ జీవితకాలమున ప్రకటించిన గ్రంథములను ఎవరైనను పునర్ముద్రించుకొనవచ్చును. నిన్నటి కవి పాటను అట్లు చేయరాదు. క్రియేటివ్ కామన్స్ అను సంస్థ 2002 నుండి ప్రకటించిన అనుమతి పత్రములున్న బొమ్మలను, వ్రాతలను, కర్త పేరు చెప్పి, ఆ పత్రములోని షరతులకు లోబడి వాడుకొనవచ్చును. పేరు చెప్పకుండ తీసికొనుట, లిఖిత పత్రిక నాడు ఎంత తప్పో నేడును అంతే తప్పు.

తల్లిదండ్రుల భయమును కూడ తీసివేయరాదు. లిఖిత పత్రిక చదువువారందరు తెలిసినవారు. జాలపుట చదువువారిని ఎవరును ఎరుగరు. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారిని బాలలుగా నెంచి, వారి సమాచారమును గైకొనుటకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనని చెప్పుచున్నది. కావున బాలిక తన ఇంటి జాడ, ఫోను సంఖ్య, తన చిత్రము పుటలో నుంచరాదు. తాతగారి మాట రికార్డు చేయుటకు ముందు ఆయనను అడుగవలెను; ప్రకటించుటకు ముందు మరల చదివి వినిపింపవలెను. మొదట ఉపాధ్యాయుడు, తరగతివారు మాత్రమే చదువునట్లు పుటను కట్టుదిట్టము చేసి, అందరు చూచి దిద్దిన తరువాత లోకమునకు తెరచుట ఉత్తమము.

ఇందు గ్రంథాలయమునకు గల పని యేమి? 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల ప్రథమ సభ జరిగిన నాటినుండి, పుస్తకమును మనుష్యుని దగ్గరకు చేర్చుటయే ఈ యుద్యమపు ధ్యేయము. 1918లో వెలసిన వేటపాలెము సారస్వత నికేతనము పాత పత్రికలను పదిలపరచినందుననే నేడు పరిశోధకులు అచ్చటికి పోవుచున్నారు. దాచిపెట్టుట గ్రంథాలయమునకు పుట్టువుతో వచ్చిన గుణము. గ్రామ గ్రంథాలయము ఏటేట విద్యార్థుల బ్లాగులలోని మంచి వ్రాతలను కాగితముపై తీయించి, తేదీ వేసి, బైండు చేయించి బీరువాలో నుంచిన చాలును. దానికి పట్టు ఖర్చు స్వల్పము. ఏ కంపెనీ మూతపడినను ఆ ప్రతి మిగులును. ఫోను లేని యింటి పిల్లవానికి గ్రంథాలయములో వారమునకు రెండు గంటలు కంప్యూటరు ముందు కూర్చుండ చోటిచ్చినచో, ఉచితమను మాటకు అప్పుడు పూర్ణార్థము కలుగును. యంత్రము లేనివానికి ఉచిత సాధనము ఉచితము కాదు.

ఆ బాలిక కడకు నాలుగు పుటలే వ్రాయవచ్చును. రంగులు తగ్గవచ్చును. అందులో ఒక వృద్ధుని మాట ఉన్నదున్నట్లు, ఒక తేదీ సరిచూచినది, ఒక చెట్టు పేరు కొండవా రనునట్లు వ్రాసినది యున్నచో, ఆ పుటలు దొరల గ్రంథముల ప్రక్కన నిలువదగినవే. ఇంతకాలము గొలుగొండను గూర్చి ఇతరులు వ్రాయగా గొలుగొండ చదివినది. ఇక గొలుగొండ పిల్లలు వ్రాయగా ఇతరులు చదువుదురు గాక!