పదవ తరగతి తరువాతి బాటలు



తెలంగాణ నుండి భివండీకి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు మరమగ్గాలను నమ్ముకొని బిడ్డలను చదివించాయి. పదవ తరగతి ముగియగానే ఆ బిడ్డలలో కొందరు అవే కార్ఖానాలలో చేరుతున్నారు. నేసిన మీటర్ల లెక్కన వచ్చే కూలి ఇంటికి ఆసరాయే. అయితే కరెంటు పోయినా, గిరాకీ తగ్గినా మగ్గంతో పాటు కూలీ ఆగుతుంది.

ఐటీఐ చదివినవారు అప్రెంటిస్‌లుగా చేరి, 1961 నాటి చట్టం ప్రకారం పని నేర్చుకుంటూనే స్టైపెండు పొందవచ్చు. రెండేళ్ల ఐటీఐ నుండి డిప్లొమా రెండవ సంవత్సరానికి, డిప్లొమా నుండి ఇంజినీరింగ్ రెండవ సంవత్సరానికి నేరుగా వెళ్లే దారి ఉంది. 1887లో ముంబయిలో స్థాపితమైన వీజేటీఐలో వస్త్ర సాంకేతిక విద్య కూడా బోధిస్తారు.

పడుగు పేకలు ఎరిగిన ఇంటి బిడ్డలకు ఆ విద్య పరాయిది కాదు. ఫలితాలు వచ్చిన నాడు కూలి లెక్కతో పాటు ఈ లెక్క కూడా వేసుకోవాలి. ఆడపిల్లల విషయంలోనూ అంతే.