కోటి డోసులకు ఆరు

మనలో చాలామంది కోవిషీల్డ్ పేరుతో వేయించుకున్న టీకా అత్యంత అరుదుగా రక్తం గడ్డకట్టించవచ్చని ఆస్ట్రాజెనెకా బ్రిటన్ కోర్టులో ఒప్పుకున్నట్టు 2024లో వార్త వచ్చింది. టీకా వేయించుకుని మూడేళ్లయినవాళ్లూ గుండెలు పట్టుకున్నారు. నిజానికి ఆ ముప్పు టీకా పడిన తొలి వారాలదే.

ఎంత అరుదు? 2021 మేలో టీకా దుష్ప్రభావాలను పరిశీలించే కేంద్ర కమిటీ చెప్పిన లెక్క పది లక్షల డోసులకు 0.61 కేసులు. అంటే కోటి డోసులకు ఆరు. 2011 లెక్కల్లో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల జనాభా కలిపినా మూడు లక్షల లోపే. అందరికీ రెండేసి డోసులు వేసినా, ఆ లెక్కన ఒక్క కేసూ రాకపోవచ్చు. అయితే అది నమోదైన కేసుల లెక్క మాత్రమే. బ్రిటన్‌లో అంతకంటే ఎక్కువే నమోదయ్యాయి. పైగా బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఏ సగటూ ఓదార్పు కాదు. అందుకే "ఏమీ కాదు" అని కొట్టిపారేయడం నాకు తప్పనిపిస్తుంది. ముప్పు ఎంతో, దాని గుర్తులేమిటో ముందే చెప్పాలి.

టీకాల సంగతే కాదు, మూర్ఛకు వాడే కార్బమజెపైన్ లాంటి మందులతోనూ అరుదుగా ప్రమాదం ఉంది. అలాంటి మందు వాడుతున్నప్పుడు ఒంటిపై దద్దుర్లతో పాటు నోట్లో పుండ్లు, జ్వరం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. వాడిన మందు అట్ట వెంట తీసుకెళ్లండి. దుష్ప్రభావాలను రోగులే నేరుగా 1800-180-3024కు ఉచితంగా ఫోన్ చేసి నమోదు చేయించవచ్చు. ఈ నంబరు రాసిపెట్టుకోండి.