మిల్లు కూలీల గదిలో మొలిచిన కరాటే
(ప్రసంగ పాఠం)



కరాటే అనగానే మన కుర్రాళ్లకు నల్లబెల్టు, ఇటుకలు పగలగొట్టడం గుర్తొస్తాయి. కొందరికి బ్రూస్‌లీ. ఆయనది చైనా కుంగ్‌ఫూ, అది వేరే సంగతి. నేను చెప్పబోయేది ఉయెచి-ర్యు అనే కరాటే పద్ధతి గురించి. అది కూలివాళ్ల మధ్య వేళ్లూనుకుంది.

జపాన్‌కు దక్షిణాన, దూరంగా ఒకినావా దీవులున్నాయి. ఒకప్పుడవి ర్యుక్యు రాజ్యం. 1879లో జపాన్ కలిపేసుకుంది. నేలను కలుపుకున్నారుగాని మనుషుల్ని దగ్గరికి రానివ్వలేదు. 1903లో ఒసాకా ఎగ్జిబిషన్ దగ్గర ఒకినావా ఆడవాళ్లిద్దర్ని, ఐనులను, తైవాన్ ఆదివాసులను జనం చూడటానికి ప్రదర్శన పెట్టారు. ఒకినావా పెద్దలు గొడవ చేశారు. ఏమని? తమను ఐనుల పక్కన నిలబెట్టారని! తొక్కబడ్డవాడు తన కింద ఇంకొకణ్ణి వెతుక్కోవడం మనకు తెలియనిదా?

ఉయెచి కన్బున్ 1877లో అక్కడే ఓ సేద్యగాళ్ల ఇంట పుట్టాడు. 1897లో చైనాలోని ఫుజౌకు వెళ్లాడు. సైన్యంలో నిర్బంధ భర్తీ తప్పించుకోవడానికే అంటారు. అక్కడ కొట్లాట విద్య నేర్చి 1910లో తిరిగొచ్చాడు. వచ్చాక ఎవరికీ నేర్పలేదు. చైనాలో ఆయన దగ్గర నేర్చిన ఒకడు పొలానికి నీళ్లు పెట్టే తగాదాలో మనిషిని చంపాడట. అప్పటినుంచి నేర్పనని ఒట్టు పెట్టుకున్నాడని శిష్యులు చెప్పుకుంటారు. నీళ్ల తగాదా ఎందాకా పోతుందో మీకు నేను చెప్పాలా!

1920లలో చక్కెర ధర పడిపోయింది. చెరకు మీద బతికే ఒకినావా కుప్పకూలింది. జనం సోతెత్సు అనే చెట్టు బోదె తిన్నారు. దాంట్లో విషం సరిగ్గా తీయకపోతే ప్రాణం పోతుంది. ఆ కాలానికి 'సోతెత్సు నరకం' అనే పేరు మిగిలింది. పొట్ట చేతబట్టుకుని జనం జపాన్ మిల్లులకు వలసపోయారు. అక్కడ కొన్ని గడపల మీద ర్యుక్యువాళ్లకు, కొరియావాళ్లకు ప్రవేశం లేదని బోర్డులు.

1924లో కన్బున్ కూడా వకయామాలో నూలు మిల్లు పనికి చేరాడు. తోటి ఒకినావా కూలి తొమొయొసె ర్యుయు ఆయన విద్య సంగతి పసిగట్టాడు. ఊరికే నేర్పమంటే నేర్పేవాడు కాదు. అందుకని ఫలానావాడు ఇలా మీదికొస్తే ఏం చేయాలి, అలా పట్టుకుంటే ఎలా విడిపించుకోవాలి అని రోజూ అడిగేవాడట. చివరికి కన్బున్ మెత్తబడ్డాడు. తలుపులు వేసుకుని, తమ ఊళ్లవాళ్లకే పాఠం. మొదట నేర్పింది సాంచిన్. దానికి మైదానం అక్కర్లేదు, నాలుగడుగుల చోటు చాలు. కాళ్లు నేలకు పాతుకుని, అరచేతులు తెరిచి, ఊపిరి అదుపులో పెట్టుకుని కదలాలి. పగలంతా మిల్లులో ఒళ్లు హూనమైనవాళ్లు రాత్రి అది చేశారు. నాకైతే ఇటుకలు పగలగొట్టడంకన్నా ఇదే పెద్ద విషయం.

1932 నాటికి తలుపు అందరికీ తెరుచుకుంది. 1940లో ఆ పద్ధతికి ఆయన ఇంటిపేరే పెట్టారు. యుద్ధం ముగిశాక కన్బున్ ఒకినావాకు వెళ్లి, ఇయెజిమా అనే చిన్న దీవిలో ఉంటూ 1948లో అక్కడే చనిపోయాడు. ఆ దీవి 1945 యుద్ధంలో ధ్వంసమైన చోటు. కొడుకు కనెయి గినోవాన్‌లో, అమెరికా సైనిక స్థావరం పక్కనే నేర్పాడు. 1950లలో అక్కడ నేర్చుకున్న ఒక అమెరికా సైనికుడు దాన్ని బోస్టన్ తీసుకుపోయాడు. అక్కడివాళ్లు కూడా మొదట సాంచినే నేర్చుకున్నారు.