ఆటిజం పేరు ఎక్కువగా పెడుతున్నారా?



"ఈ మధ్య ఏ పిల్లవాణ్ణి చూపించినా ఆటిజం అనేస్తున్నారండీ" అని మన విందుల్లో తరచు వింటున్నాం. ఆ అనుమానంలో కొంత న్యాయం ఉంది.

ఇక్కడి ప్రభుత్వ సంస్థ సి.డి.సి. లెక్కల్లో ఎనిమిదేళ్ళ పిల్లల్లో 2000లో 150 మందికి ఒకరికి ఆటిజం ఉంటే, 2022లో 31 మందికి ఒకరికి ఉంది. అదే 2022లో టెక్సస్‌లోని లరేడోలో వెయ్యికి పదిమంది లోపు, కాలిఫోర్నియాలోని శాండియేగోలో 53 మంది తేలారు. ఊరు మారితే పిల్లలు ఐదు రెట్లు మారరు కదా! ఇందులో పరీక్షించే తీరు పాత్ర చాలా ఉంది.

నిర్వచనమూ పెరిగింది. 1994లో యాస్పర్గర్స్ విడిగా చేరింది, 2013లో అన్నీ కలిపి 'స్పెక్ట్రమ్' అన్నారు. 2007 నుంచి పిల్లల డాక్టర్లు 18, 24 నెలలకు అందరినీ పరీక్షించాలని సిఫార్సు ఉంది. పూర్వం బుద్ధిమాంద్యం అని రాసిన కొందరికి ఇప్పుడు ఆటిజం అని రాస్తున్నారు. థెరపీకి ఇన్సూరెన్సు డబ్బివ్వాలంటే తరచు ఆ పేరే కావాలి, కనుక సందేహం ఉన్నచోట కలం అటు మొగ్గవచ్చు. ఒక్క ప్రశ్నాపత్రంతో తేల్చేస్తే ఒప్పుకోకండి. వినికిడి పరీక్ష చేయించండి, రెండో నిపుణుణ్ణి అడగండి.

అయితే మన ఇళ్ళలో తప్పు రెండోవైపు కూడా జరుగుతోంది. "మగపిల్లలకు మాటలు ఆలస్యమే", "వాళ్ళ నాన్నా అంతే", "ఇంట్లో తెలుగు, డేకేర్‌లో ఇంగ్లీషు, అందుకే" అని రోజులు గడిపేస్తాం. రెండు భాషల వల్ల ఆటిజం రాదు, తెలుగు మానేయనక్కర లేదు. పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, కావలసినది వేలితో చూపకపోవడం, వచ్చిన మాటలు పోవడం కనిపిస్తే ఆగకండి. ఎవరితోనూ కలవని ఆడపిల్లను బుద్ధిమంతురాలని వదిలేయకండి. అమ్మమ్మలు, నానమ్మలు, తాతయ్యలకు ఒక మనవి: పెంపకం లోపమని తల్లిని అనకండి.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మూడేళ్ళలోపు పిల్లలకు ప్రతి రాష్ట్రంలోనూ 'ఎర్లీ ఇంటర్వెన్షన్' ఉంది. దానికి ఆటిజం అనే పేరు అక్కరలేదు, ఎదుగుదలలో తగినంత ఆలస్యం కనిపిస్తే చాలు. మూడు దాటితే స్కూల్ డిస్ట్రిక్టును రాతపూర్వకంగా కోరండి. వాళ్ళు చేసే పరీక్షకు ఫీజు ఉండదు.

లెక్కలపై వాదన సాగనివ్వండి. పేరు పొరపాటైతే తర్వాత దిద్దుకోవచ్చు. రెండేళ్ళ వయసులో అందవలసిన సాయం మాత్రం అప్పుడే అందాలి.