పొగగొట్టం ప్రక్క యిల్లు కురుస్తున్నదా?



మీ వంటింట్లో పాత కట్టెలపొయ్యి మీద కట్టిన పొగగొట్టం యింకా అలాగే నిలిచి వున్నదా? 1999లో వచ్చిన దీపం పథకంతోను, 2016లో మొదలైన ఉజ్జ్వల పథకంతోను గ్యాసుపొయ్యి చాలా పల్లెలకు చేరింది. కట్టెలపొయ్యి చల్లబడింది. గొట్టం సంగతి మనం మరచిపోయాం. వాన మాత్రం మరచిపోలేదు.

వానాకాలంలో ఆ గొట్టం ప్రక్క గోడమీద గోధుమరంగు మరక తేలుతుంది. మేస్త్రీని పిలుస్తాం. ఆయన మరక వున్నచోట గీకి, సిమెంటు పూసి, సున్నం కొట్టి వెడతాడు. ముసురు పట్టగానే మరక మళ్ళీ ప్రత్యక్షం! మా యింట్లో రెండేళ్ళు వరుసగా యిదే తంతు. మూడో యేడు అటకమీద దాచిన విత్తనపు వేరుశనగ మూటకు చెమ్మ తగిలింది. విప్పి చూస్తే కాయలకు బూజు! వేరుశనగకు పట్టే బూజుల్లో కొన్ని అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తాయి. వుడికించినా, వేయించినా అది పూర్తిగా పోదు. అంచేత ఆ కాయలు విత్తనానికీ కాలేదు, తిండికీ కాలేదు, గొడ్లకు కూడా పెట్టలేకపోయాం.

ఆ దెబ్బతో ఒక సంగతి తెలిసివచ్చింది. నీరు కనిపించే చోటు వేరు, నీరు దిగే చోటు వేరు. పైన యెక్కడో దిగిన నీరు దూలం వెంట, యిటుక వరస వెంట ప్రాకివచ్చి, దారి దొరికినచోట చుక్క కడుతుంది.

మరి దాన్ని పట్టుకోవడం యెలాగంటారా? ముందు ఒక పెన్సిలు తీసుకోండి. మరక అంచు చుట్టూ గీత గీసి, తేదీ వేయండి. ఆనాడు వాన పడిందా, గాలి యే వైపునుంచి కొట్టింది, మరక గీత దాటిందా – యీ మూడూ కాలెండరులో వ్రాసుకోండి. నైరుతి వానలకు పొడిగా వుండి, అక్టోబరు తర్వాత ఈశాన్యపు జల్లుకే తడుస్తున్నదనుకోండి. గొట్టం ఉత్తరపు ముఖం, తూర్పు ముఖం చూడాలన్నమాట. గాలి లేని నిలువు వానకే తడిస్తే, గొట్టం నెత్తిన మూత లేదేమో, మొదట్లో నీరు నిలుస్తున్నదేమో చూడాలి.

వాన లేకుండానే, ఉక్కపోత రోజున గోడ తడుస్తున్నదా? అయితే అది కురవడం కాదు. యేళ్ళ తరబడి కట్టెలు కాల్చిన పొగలోనుంచి కొన్ని లవణాలు యిటుకల్లోకి యింకివుంటాయి. వానాకాలంలో వుప్పుజాడీ యెలా చెమరుస్తుందో, ఆ గోడా అలాగే గాలిలోని తేమను పీల్చి చెమరుస్తుంది. దానిమీద యెంత సిమెంటు పూసినా లాభం లేదు.

వాన నీరే అని తేలితే, ఎండ కాసే రోజు చూసి నీటి పరీక్ష చేయండి. ముందుగా యింటి కరెంటు మెయిను ఆపండి. ఒకరు లోపల టార్చిలైటుతో కనిపెట్టి వుండాలి; ఒకరు మిద్దెమీద నీళ్ళు పోయాలి. క్రిందినుంచి పైకి రావాలి, అదే కిటుకు. మొదట గొట్టం చుట్టూ మిద్దెమీద, తర్వాత గొట్టమూ మిద్దె కలిసే అతుకుమీద, తర్వాత ఒక్కొక్క ముఖంమీద, చివరికి నెత్తిన. ఒక్కొక్క చోట అరగంట పోసి, కాసేపు ఆగి చూడండి. ముందే నెత్తిన గుమ్మరిస్తే అన్నీ ఒక్కసారే తడుస్తాయి, దొంగ దొరకడు.

మా యింట్లో దొంగ అతుకులోనే దొరికాడు. వెండ్రుకవాసి బీట, అదీ మరకకు నాలుగడుగుల యెడంగా! ఎండకు మిద్దె ఒక తీరున సాగుతుంది, నిలువు గొట్టం ఒక తీరున సాగుతుంది. అందుకని ఆ అతుకు తరచు విడుతూ వుంటుంది. బీటను తెరిచి, దుమ్ము కడిగి, గట్టిగా నింపి, నీరు జారిపోయేలా చుట్టూ ఏటవాలుగా గచ్చు చేయించాం.

నెత్తిన మూత కావాలంటే, నాలుగు మూలలా యిటుకలు పేర్చి వాటిమీద కడపబండ పరిపించండి. బండ అంచులు గొట్టం దాటి రెండంగుళాలు బయటికి వుండాలి. పక్షులు దూరకుండా ప్రక్కల యినుప వల కట్టించండి. అంతేగాని పైనా క్రిందా బిగించి మూయించవద్దు. గాలి ఆడకపోతే లోపలి తేమ లోపలే వుండిపోతుంది. పండుగకో, శుభకార్యానికో ఆ పొయ్యి వెలిగించే అలవాటుంటే పొగదారి అసలే మూయకూడదు. చెమర్చే గోడ అయితే పాత పూతను యిటుకదాకా గీకించి, బాగా ఆరనిచ్చి, ఆ తర్వాతనే పూయించండి. అప్పటికీ తగ్గకపోతే మసి పట్టిన యిటుకలనే మార్చక తప్పదు.

యీ పనులన్నీ తొలకరికి ముందే ముగించండి. అందాకా విత్తనపు మూటలను గోడకు ఆనించకుండా, చెక్కలమీద, జానెడు యెడంగా పెట్టండి. మాకు ఒక మూట విత్తనం పోయాక వచ్చిన బుద్ధి యిది; మీకు పెన్సిలు గీతతోనే రావాలని నా కోరిక.