మైకు కూతయు, పెట్టె మ్రోతయు
(సంఘ సభలో చేసిన ప్రసంగము)



గత సభలో మన పెద్దలొకరు తెలుగున ప్రసంగించుచుండగా మైకు కీచుమని కూసినది. వెనుక వరుసల స్త్రీలకు ఒక్క మాటయు వినబడలేదు, పిల్లలు నవ్విరి. బడిలోను బజారులోను తమిళమే వినుచున్న మన రాజపాళయపు పిల్లలకు ఆ దినము పోయినది చిన్న నష్టము కాదు.

స్పీకరు నుండి వెడలిన ధ్వని మరల మైకున జొరబడి, ఇంకను పెద్దదై వెడలుటయే ఆ కూతకు కారణము. డెన్మార్కు శాస్త్రజ్ఞుని పేర దీనిని లార్సెన్ ఫలితమందురు. మనవారు పెట్టెను వేదిక వెనుక నుంచి, వక్తను దాని యెదుట నిలుపుదురు! పెట్టెలు మైకునకు ముందు, సభ వైపు తిరిగి యుండవలెను. వక్త మైకునకు జానెడు లోపల నోరుంచి మాటాడినచో పెట్టె బలమును తగ్గింపవచ్చును. మైకు తలను అరచేత కప్పరాదు.

గుయ్యిమను మ్రోత వేరు. పెట్టెకు వచ్చు మైకు వైరును ఊడదీసి చూడుడు. మ్రోత ఆగినచో దోషము పెట్టెలో లేదు. మిక్సరొక గోడ ప్లగ్గునను, పెట్టె దూరపు మరియొక ప్లగ్గునను ఉన్నచో, రెండు ఎర్తుల నడుమ విద్యుత్తు మన వైరు గుండ పారి, సెకనుకు 50 ఆవృత్తుల మ్రోతను పుట్టించును. రెంటిని ఒకే చోట తగిలింపవలెను. మ్రోత మాన్పుటకై ఎర్తు పిన్నును పెరికివేయు పనివారిని చూచితిని. మ్రోత మానును, కాని లోన వైరు తెగి రేకునకు తగిలిన నాడు, మైకు పట్టినవాని దేహమే ఎర్తగును. అట్టి ప్లగ్గును సభలో పెట్టనీయకుడు.

రాబోవు సభకు గంట ముందుగా వచ్చి వీనిని పరీక్షించుటకు ఇద్దరు యువకులు కావలెను. పేర్లను నా అంగడిలో ఈయవచ్చును.